స్టాన్లీ కప్ ఫైనల్: ఒక్కో ప్రశ్నకు రెండేసి సరైన జవాబులు ఎందుకు?

టొరంటోలో యాంగ్ వీధి, ఫ్రంట్ వీధి కలిసే మూల మీద పాతకాలపు బ్యాంకు భవనం ఒకటుంది. ఇప్పుడది హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో భాగం. లోపల రంగుటద్దాల గుమ్మటం కింద ఐస్ హాకీలో అతిపెద్ద బహుమతి అయిన స్టాన్లీ కప్ పెడతారు. దగ్గరికి వెళ్ళొచ్చు, ముట్టుకోవచ్చు, పక్కన నిలబడి ఫొటో దిగొచ్చు. పోయిన చలికాలం మా అమ్మాయిని తీసుకెళ్ళాను. దానికి తొమ్మిదేళ్ళు. కప్ చుట్టూ చెక్కిన పేర్ల మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతోంది. ఒకచోట వేలు ఆపి, "నాన్నా, ఇక్కడ స్పెల్లింగ్ తప్పు!" అని గట్టిగా అంది. నిజమే. 1972లో గెలిచిన బోస్టన్ బ్రూయిన్స్ పేరులో "ఓ" ఉండాల్సిన రెండు చోట్లా "క్యూ" చెక్కారు. యాభై ఏళ్ళు దాటినా ఆ తప్పు అలాగే ఉంది.

తర్వాత నేను దానికి 1919 చూపించాను. మిగతా సంవత్సరాల్లో దాదాపు అన్నిటికీ ఒక్కో జట్టు పేరే ఉంటుంది. అక్కడ మాత్రం రెండు పేర్లు, మాంట్రియల్ కెనేడియన్స్, సియాటిల్ మెట్రోపాలిటన్స్. కింద "సిరీస్ పూర్తి కాలేదు" అని ఇంగ్లిష్‌లో ఒక ముక్క. "మరి కప్ ఎవరికిచ్చారు?" అంది. ఎవరికీ ఇవ్వలేదమ్మా అన్నాను. "ఫైనల్ అన్నాక ఎవరో ఒకరు గెలవాలి కదా?" అని దాని వాదన.

ఆ వాదనలో న్యాయం ఉంది. ఐస్ హాకీ క్విజ్‌ల్లో స్టాన్లీ కప్ ఫైనల్ మీద వచ్చే ప్రశ్నలు చాలామందిని తికమక పెట్టేది సరిగ్గా అక్కడే. అమెరికా జట్టు మొదటిసారి కప్ ఎప్పుడు గెలిచింది? మాంట్రియల్ కెనేడియన్స్‌కి ఎన్ని కప్పులున్నాయి? ఒట్టావా ఎప్పుడైనా గెలిచిందా? వీటిలో దేనికీ ఒక్క జవాబు లేదు. జవాబు చెప్పేవాడు "ఫైనల్" అనే మాటని ఏ అర్థంలో తీసుకున్నాడన్న దాన్ని బట్టి రెండు జవాబులు వస్తాయి, రెండూ సరైనవే. కారణం ఒక్కటే. కప్ వయసు వేరు, దాన్ని ఇప్పుడు ఇస్తున్న లీగ్ వయసు వేరు. కప్ మొదటిసారి చేతులు మారింది 1893లో. నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్, పుట్టింది 1917 నవంబర్‌లో. ఈ 24 ఏళ్ళ తేడాని మనసులో పెట్టుకుంటే చిక్కుముడి చాలావరకు దానంతటదే విడిపోతుంది.

ఆట గురించి తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. మన హాకీలా పచ్చిక మీద కాదు, గడ్డకట్టిన మంచు మీద స్కేట్లు కట్టుకుని ఆడతారు. బంతి ఉండదు, పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఒక్కో జట్టు తరఫున గోలీతో (గోల్‌కీపర్‌తో) కలిపి ఆరుగురు. ఇరవై నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. మామూలు సీజన్ అయ్యాక కప్ కోసం ఆడే పోటీలని ప్లేఆఫ్స్ అంటారు. ఇప్పటి పద్ధతిలో అవి నాలుగు రౌండ్లు. ఒక్కో రౌండ్‌లో ఏడు మ్యాచ్‌ల్లో ముందుగా నాలుగు గెలిచిన జట్టు పైకి వెళ్తుంది. నాలుగో రౌండే స్టాన్లీ కప్ ఫైనల్. అంటే కప్ చేతికి రావాలంటే 16 విజయాలు కావాలి.

1892లో కెనడా గవర్నర్ జనరల్‌గా ఉన్న లార్డ్ స్టాన్లీ, దేశంలో బాగా ఆడే జట్టుకి ఇవ్వమని వెండి గిన్నె ఒకటి లండన్‌లో కొనిపించాడు. ఆయన పిల్లలకి ఈ ఆటంటే ప్రాణం. 1893లో మొదటి కప్ మాంట్రియల్ హాకీ క్లబ్‌కి ఇచ్చారు. ఆ ఏడాది ఫైనల్ మ్యాచ్ అంటూ ఏదీ జరగలేదు. లీగ్ పట్టికలో పైన ఉన్నారు కాబట్టి ఇచ్చేశారు. కప్ కోసం మొదటి మ్యాచ్‌లు 1894 మార్చిలో జరిగాయి, వాటిలో ఆఖరిదాంట్లో మాంట్రియల్ 3-1తో ఒట్టావాని ఓడించింది. అప్పటికే స్టాన్లీ ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. తన పేరు మీద ఇన్నేళ్ళుగా నడుస్తున్న ఈ పోటీలో ఒక్క మ్యాచ్ కూడా ఆయన చూడలేదు.

అప్పటి నియమం మన పాతకాలపు కుస్తీ పోటీల్లా ఉండేది. కప్ ఎవరి దగ్గరుంటే వాళ్ళు ఛాంపియన్లు. వాళ్ళని ఎవరైనా సవాలు చేయొచ్చు. సవాలు చేసిన జట్టుకి ఆ స్థాయి ఉందో లేదో కప్ బాధ్యత చూసే ఇద్దరు ట్రస్టీలు తేలుస్తారు. గెలిస్తే కప్ చేతులు మారుతుంది. అందుకే ఒకే ఏడాదిలో ఇద్దరు ఛాంపియన్లు కూడా ఉంటారు. 1907 జనవరిలో ఒంటారియోలోని కెనోరా అనే చిన్న ఊరి జట్టు కెనోరా థిసిల్స్, మాంట్రియల్ వాండరర్స్‌ని ఓడించి కప్ పట్టుకుపోయింది. రెండు నెలలు దాటగానే మార్చిలో వాండరర్స్ మళ్ళీ గెలిచి వెనక్కి తెచ్చుకుంది. 1907 విజేత ఎవరని అడిగితే నెల ఏదని ఎదురు అడగాల్సిందే.

ఆ కాలంలో నన్ను అన్నిటికన్నా కదిలించేది డాసన్ సిటీ కథ. కెనడా వాయవ్య కొసన యూకాన్‌లో బంగారం వేటకి పోయినవాళ్ళు కట్టుకున్న ఊరు అది, ఆర్కిటిక్ వలయానికి దగ్గర. అక్కడి కుర్రాళ్ళు కొందరు జట్టు కట్టి, అప్పట్లో ఎదురులేని ఒట్టావాని సవాలు చేశారు. 1904 డిసెంబర్‌లో బయల్దేరారు. కొందరు నడిచారు, కొందరు సైకిళ్ళ మీద పోయారు, సైకిళ్ళు విరిగితే వాటిని వదిలేసి నడిచారు. వైట్‌హార్స్ దాకా మంచులో అలా వెళ్ళాక రైలు, రేవు దగ్గర ఓడ తప్పిపోతే రోజుల తరబడి పడిగాపులు, తర్వాత ఇంకో ఓడ, మళ్ళీ కెనడా ఈ చివర నుంచి ఆ చివరికి రైలు. సుమారు 4,000 మైళ్ళు ప్రయాణించి, మూడు వారాలు దాటాక జనవరి రెండో వారంలో ఒట్టావా చేరారు. ఒళ్ళు హూనమై ఉంది. వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే మొదటి మ్యాచ్ ఆడాల్సి వచ్చింది.

మొదటి మ్యాచ్ 9-2తో పోయింది. జనవరి 16న రెండోది, 23-2. అందులో ఒట్టావా ఆటగాడు ఫ్రాంక్ మెగీ ఒక్కడే 14 గోల్స్ కొట్టాడు. కప్ కోసం జరిగిన మ్యాచ్‌లో ఒక ఆటగాడు కొట్టిన గోల్స్‌లో ఇదే రికార్డు, నూట ఇరవై ఏళ్ళుగా చెక్కుచెదరలేదు. మెగీకి ఒక కన్ను కనిపించదు, అంతకు కొన్నేళ్ళ ముందు ఆటలోనే దెబ్బ తగిలి పోయింది. ఆ ఒంటికన్నుతోనే ఆడాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరాడు, 1916లో ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధంలో చనిపోయాడు. క్విజ్‌లో "ఫైనల్‌లో అత్యధిక గోల్స్" అని అడిగినప్పుడు మెగీ పేరు చెప్తే కొందరు ఒప్పుకోరు, అది ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ కాదంటారు. నా మటుకు నేను మెగీ పేరే చెప్తాను. కప్ అదే కప్.

ఇక రెండో కాలం. 1914 దగ్గర్నుంచి తూర్పు కెనడాలో ఒక లీగ్, పసిఫిక్ తీరంలో ఇంకో లీగ్. రెండిటి ఛాంపియన్లు కప్ కోసం తలపడాలని ఒప్పందం కుదిరింది. తూర్పులో ఆరుగురితో ఆడేవాళ్ళు, పడమరలో ఏడుగురితో. పక్‌ని ముందుకి అందించే ఫార్వర్డ్ పాస్ విషయంలో కూడా తేడాలు. అందుకని ఒక మ్యాచ్ వీళ్ళ రూల్స్‌తో, తర్వాతి మ్యాచ్ వాళ్ళ రూల్స్‌తో ఆడేవాళ్ళు. క్రికెట్‌లో ఒక రోజు వన్డే, మర్నాడు టెస్ట్ ఆడి సిరీస్ ఫలితం తేల్చినట్టు అనుకోండి.

అమెరికా జట్టు ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరుకుతుంది. 1917లో సియాటిల్ మెట్రోపాలిటన్స్ మాంట్రియల్ కెనేడియన్స్‌ని ఓడించి కప్ గెలిచింది. అమెరికా జట్టుకి కప్ దక్కడం అదే మొదలు, అదీ ఎన్‌హెచ్‌ఎల్ పుట్టక ముందు. ఎన్‌హెచ్‌ఎల్‌లోని అమెరికా జట్లలో మొదట గెలిచింది మాత్రం 1928లో న్యూయార్క్ రేంజర్స్. ప్రశ్నలో "ఎన్‌హెచ్‌ఎల్" అన్న మాట ఉందా లేదా అని చూసుకుని జవాబు చెప్పాలి.

రెండేళ్ళ తర్వాత అదే రెండు జట్లు, మళ్ళీ సియాటిల్‌లో. 1919 మార్చి చివరి వారాలు. ప్రపంచమంతా స్పానిష్ ఫ్లూతో అల్లాడుతోంది. ఐదు మ్యాచ్‌లు జరిగాయి. చెరో రెండు గెలిచారు. నాలుగో మ్యాచ్ ఓవర్‌టైమ్, అంటే అదనపు సమయం, ఆడినా 0-0గానే మిగిలింది. తేల్చే మ్యాచ్ ఏప్రిల్ 1న. ఆ రోజుకి మాంట్రియల్ ఆటగాళ్ళు చాలామంది జ్వరంతో మంచం పట్టారు, మేనేజర్ జార్జ్ కెనడీ కూడా. ఆట మొదలవడానికి కొన్ని గంటల ముందు మ్యాచ్ రద్దయింది. కెనడీ కప్ వదులుకుంటామన్నాడు. సియాటిల్ కోచ్ పీట్ మల్డూన్ వద్దన్నాడు. జబ్బుపడ్డ జట్టు నుంచి కప్ తీసుకోవడానికి ఆయనకి మనసొప్పలేదు. నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 5న, మాంట్రియల్ డిఫెన్స్ ఆటగాడు జో హాల్ సియాటిల్‌లోనే న్యుమోనియాతో చనిపోయాడు. కెనడీ కూడా పూర్తిగా కోలుకోలేదు, 1921లో పోయాడు.

ఇదంతా మా అమ్మాయికి కొంచెం కొంచెంగా చెప్పాను. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు దానికి ఊహ తెలియదు. ఆ ఏడాది ఫైనల్ ఎడ్మంటన్‌లో ప్రేక్షకులు లేని హాల్లో సెప్టెంబర్‌లో జరిగింది. ఆటగాళ్ళని బయటి ప్రపంచం నుంచి వేరు చేసి ఉంచారు, టాంపా బే గెలిచింది. 1919లో అలాంటి ఏర్పాటు చేసే వీలు ఎవరికీ లేదు. "సిరీస్ పూర్తి కాలేదు" అన్న ఆ ముక్క కూడా వెంటనే చెక్కలేదు. 1948లో కప్ ఆకారం మార్చినప్పుడు చేర్చారు.

పడమటి లీగ్‌ల దగ్గర డబ్బు అయిపోయింది. ఎన్‌హెచ్‌ఎల్ కాని జట్టు చివరిసారి కప్ గెలిచింది 1925లో, అది విక్టోరియా కూగర్స్. మరుసటి ఏడాదికి పడమటి లీగ్ మూతపడింది. 1927 నుంచి కప్ కోసం ఆడేది ఎన్‌హెచ్‌ఎల్ జట్లే. 1947లో ట్రస్టీలు కాగితం మీద కూడా కప్ బాధ్యతని లీగ్‌కి అప్పగించారు. అదే మూడో కాలం, ఇప్పటిదాకా నడుస్తున్నది.

కెనేడియన్స్ లెక్కకి వద్దాం. మాంట్రియల్ కెనేడియన్స్‌కి మొత్తం 24 కప్పులున్నాయి. ఇన్ని ఇంకెవరికీ లేవు. కానీ అందులో 1916 నాటిది ఎన్‌హెచ్‌ఎల్ పుట్టక ముందుది. అందుకే 23 అని రాసినవాడు తప్పు రాసినట్టు కాదు. ఒట్టావా సంగతి ఇంకా విచిత్రం. పాత ఒట్టావా సెనేటర్స్ 1920, 1921, 1923, 1927ల్లో గెలిచింది, అంతకు ముందు మెగీ కాలపు కప్పులు ఉండనే ఉన్నాయి. ఆ జట్టు తర్వాత మూతపడింది. 1992లో అదే పేరుతో వచ్చిన ఇప్పటి జట్టు 2007లో ఫైనల్ దాకా వెళ్ళింది, అక్కడ ఓడిపోయింది. పేరొకటే, ఊరొకటే, జట్టు మాత్రం వేరు.

ఇంకో రకం చిక్కు ఓవర్‌టైమ్ నుంచి వస్తుంది. మామూలు సీజన్‌లో స్కోర్లు సమమైతే చెరో ముగ్గురు ఆటగాళ్ళతో ఐదు నిమిషాలు ఆడించి, అప్పటికీ తేలకపోతే ఒక్కో ఆటగాడు గోలీతో ఒంటరిగా తలపడే షూటౌట్ పెడతారు. ప్లేఆఫ్స్‌లో షూటౌట్ లేదు. పూర్తి జట్లతో ఇరవై నిమిషాల పీరియడ్, తేలకపోతే ఇంకోటి, ఇంకోటి. ఎవరైనా గోల్ కొట్టిన క్షణంలో ఆట ఆగిపోతుంది. అర్ధరాత్రి దాటినా సరే.

ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలో అతి పొడవైన మ్యాచ్ 1936 మార్చిలో డెట్రాయిట్, మాంట్రియల్ మరూన్స్ మధ్య జరిగింది. ఓవర్‌టైమే 116 నిమిషాల 30 సెకన్లు. క్విజ్‌ల్లో దీన్ని ఫైనల్ అనుకుని రాసేవాళ్ళు బోలెడుమంది. అది సెమీఫైనల్ సిరీస్‌లో మొదటి మ్యాచ్. ఫైనల్స్‌లో రికార్డు 1990 మే 15ది. బోస్టన్ గార్డెన్‌లో ఎడ్మంటన్ ఆయిలర్స్, బోస్టన్ బ్రూయిన్స్. మూడో ఓవర్‌టైమ్‌లో కొన్ని లైట్లు ఆరిపోయి ఆట కాసేపు ఆగింది కూడా. అందరి కాళ్ళూ సీసంలా బరువెక్కిన సమయంలో ఎడ్మంటన్ కోచ్, అప్పటిదాకా ఎక్కువసేపు బెంచ్ మీదే కూర్చోబెట్టిన పీటర్ క్లిమాని దింపాడు. ఓవర్‌టైమ్ 55 నిమిషాల 13 సెకన్ల దగ్గర క్లిమా గోల్ కొట్టాడు. బెంచ్ మీద కూర్చోవడమే ఆ రాత్రి అతనికి కలిసొచ్చింది.

ఓవర్‌టైమ్ మాట వస్తే టొరంటోలో పెద్దవాళ్ళు తలచుకునేది 1951. టొరంటో మేపుల్ లీఫ్స్, మాంట్రియల్ మధ్య ఆ ఫైనల్‌లో ఐదు మ్యాచ్‌లు జరిగితే ఐదూ ఓవర్‌టైమ్‌కి వెళ్ళాయి. ఇంకే ఫైనల్‌లోనూ అలా జరగలేదు. ఐదో మ్యాచ్‌లో బిల్ బరిల్కో అనే డిఫెన్స్ కుర్రాడు ముందుకి దూకి, పడిపోతూ కొట్టిన షాట్‌తో కప్ టొరంటోకి వచ్చింది. ఆ ఆగస్టులో అతను చేపల వేటకి చిన్న విమానంలో వెళ్ళాడు. విమానం తిరిగి రాలేదు. ఎంత వెతికినా దొరకలేదు. టొరంటో మళ్ళీ కప్ గెలవడానికి 1962 ఏప్రిల్ దాకా పట్టింది. ఆ జూన్‌లోనే ఉత్తర ఒంటారియో అడవిలో విమానం శకలాలు, బరిల్కో అవశేషాలు దొరికాయి. నేను ఈ సంగతి మొదటిసారి విన్నది ఇక్కడి పక్కింటి పెద్దాయన నోట. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయాడు.

అదే లీఫ్స్ జట్టుకి 1967 తర్వాత కప్ లేదు. మొత్తం 13 గెలిచిన జట్టు, లెక్కలో కెనేడియన్స్ తర్వాత స్థానం వీళ్ళదే. ఊరంతా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది.

సిరీస్‌లో మొదటి మూడు మ్యాచ్‌లు ఓడి, తర్వాత నాలుగూ వరసగా గెలిచిన జట్టు ఫైనల్స్ చరిత్రలో ఒక్కటే ఉంది, అదీ టొరంటోనే. 1942లో డెట్రాయిట్ రెడ్ వింగ్స్ చేతిలో 3-0తో వెనకబడ్డాక కోచ్ హాప్ డే మంచి పేరున్న ఇద్దరు ఆటగాళ్ళని పక్కనపెట్టి, డాన్ మెట్జ్ లాంటి కుర్రాళ్ళని దింపాడు. పద్నాలుగేళ్ళ పాప రాసిన ఉత్తరాన్ని డ్రెస్సింగ్ రూమ్‌లో చదివి వినిపించాడని చెప్తారు. టొరంటో 4-3, 9-3, 3-0, 3-1తో నాలుగూ గెలిచింది. మూడేళ్ళ తర్వాత 1945లో డెట్రాయిట్ దాన్నే తిప్పి కొట్టబోయింది. 3-0 నుంచి 3-3 దాకా వచ్చి ఏడో మ్యాచ్‌లో ఓడింది.

2024లో మళ్ళీ అదే పరిస్థితి. ఫ్లోరిడా పాంథర్స్ మూడు గెలిచాక ఎడ్మంటన్ 8-1, 5-3, 5-1తో మూడూ తిరిగి గెలిచింది. జూన్ 24న తాడోపేడో తేల్చే ఏడో మ్యాచ్. ఆ రాత్రి మా ఇంట్లో ఆరుగురం, హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన మా తమ్ముడితో సహా. వాడికి ఆఫ్‌సైడ్ అంటే ఏంటో కూడా తెలియదు, అయినా ఆఖరి ఐదు నిమిషాలు టెన్షన్‌తో కూర్చోలేక నిలబడే చూశాడు. ఫ్లోరిడా 2-1తో గెలిచింది. ఓడిన ఎడ్మంటన్ కెప్టెన్ కానర్ మెక్‌డేవిడ్‌కి ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ వచ్చింది. 1965లో ఆ ట్రోఫీ మొదటిసారి ఇచ్చినప్పటి నుంచి ఓడిన జట్టు ఆటగాడికి రావడం ఆరుసార్లే జరిగింది. వాళ్ళలో నలుగురు గోలీలు. గోలీ కానివాళ్ళు ఇద్దరే, 1976లో రెజీ లీచ్, 2024లో మెక్‌డేవిడ్. అతను ఆ ట్రోఫీ తీసుకోవడానికి బయటికి రాలేదు. ఆ మనిషి బాధ నాకర్థమైంది. మరుసటి ఏడాది 2025 ఫైనల్‌లో మళ్ళీ అవే జట్లు, మళ్ళీ ఫ్లోరిడానే, ఈసారి ఆరు మ్యాచ్‌ల్లో.

వింత ప్రశ్న ఒకటి ఉంది. ఒక జట్టు నాలుగు వరస విజయాలతో ఫైనల్ గెలిచింది, కానీ ఆడింది ఐదు మ్యాచ్‌లు. ఎలా? ఇది 1988. ఎడ్మంటన్ మూడు మ్యాచ్‌లు గెలిచి నాలుగోది బోస్టన్ గార్డెన్‌లో ఆడుతోంది. మే 24, ఉక్కపోత. రెండో పీరియడ్‌లో ఎడ్మంటన్ 3-3తో సమం చేసిన కాసేపటికే హాల్లో కరెంటు పోయింది. మళ్ళీ రాలేదు. నియమం ప్రకారం ఆ మ్యాచ్‌ని పక్కనపెట్టి, అవసరమైతే సిరీస్ చివర్లో కొత్తగా ఆడాలి. గోల్స్ లెక్క మాత్రం రికార్డుల్లో ఉంటుంది. రెండు రోజుల తర్వాత ఎడ్మంటన్‌లో 6-3తో గెలిచేశారు కాబట్టి అవసరం రాలేదు. గెలిచాక ఎడ్మంటన్ కెప్టెన్ వేన్ గ్రెట్స్కీ జట్టునంతా మంచు మీదే కప్ చుట్టూ కూర్చోబెట్టి ఫొటో తీయించాడు. ఇప్పుడు ప్రతి విజేత జట్టూ దిగే ఫొటో ఆ రోజు మొదలైందే. ఆగస్టు 9న ఆయన్ని లాస్ ఏంజెలెస్‌కి ఇచ్చేశారు. గ్రెట్స్కీకి అదే ఆఖరి కప్.

ఉక్కపోత వల్ల ఇంకా విచిత్రం 1975లో బఫెలోలో జరిగింది. మే నెల, హాల్లో ఏసీ లేదు. వెచ్చని తేమగాలి చల్లటి మంచు మీదికి దిగేసరికి నడుము ఎత్తున పొగమంచు కమ్మేసింది. మాటిమాటికీ ఆట ఆపి, పనివాళ్ళు స్కేట్లు కట్టుకుని దుప్పట్లు ఊపుతూ తిరిగారు. ఆటగాళ్ళని కూడా గుండ్రంగా తిరగమన్నారు, పొగమంచు చెదురుతుందని. మధ్యలో ఒక గబ్బిలం తిరుగుతుంటే జిమ్ లోరెంట్జ్ కర్రతో కొట్టి చంపాడు. ఓవర్‌టైమ్‌లో రెనె రాబేర్ కొట్టిన షాట్‌తో బఫెలో 5-4తో గెలిచింది. ఫిలడెల్ఫియా గోలీ బెర్నీ పేరెంట్‌కి ఆ పక్ కనపడింది ఆలస్యంగానే. అప్పటికే అది వలలోకి పోతోంది. సిరీస్ మాత్రం ఫిలడెల్ఫియాదే.

అదే బఫెలోకి 1999లో తగిలిన దెబ్బ ఈ రోజుకీ మానలేదు. ఆరో మ్యాచ్, మూడో ఓవర్‌టైమ్. డాలస్ స్టార్స్ ఆటగాడు బ్రెట్ హల్ గోల్ కొట్టాడు, కప్ డాలస్‌ది అయిపోయింది. వివాదం ఎక్కడంటే, గోల్ ముందు నీలిరంగు వేసిన అర్ధచంద్రాకారపు చోటు ఉంటుంది, క్రీజ్ అంటారు. పక్ కన్నా ముందు దాడి చేసే ఆటగాడి కాలు అందులో ఉంటే ఆ రోజుల్లో గోల్ చెల్లదు. ఆ ఏడాదంతా అలా ఎన్నో గోల్స్ రద్దు చేశారు. హల్ ఎడమ కాలు క్రీజ్‌లో ఉంది. లీగ్ అధికారులు చెప్పింది, పక్ అప్పటికే హల్ అధీనంలో ఉంది, గోలీకి తగిలి వెనక్కి వచ్చినా అధీనం పోలేదు, అందుకే చెల్లుతుందని. నియమం కాగితం మీద చూస్తే వాళ్ళ మాటలో పస ఉంది. కానీ ఆ వివరణ గోల్ చూపించిన వెంటనే జనానికి చెప్పాల్సింది. అప్పటికే మంచు మీద సంబరాలు మొదలైపోయాయి. మరుసటి సీజన్‌కల్లా, క్రీజ్‌లో కాలుందా అని వీడియోలో చూసే ఆ నియమాన్నే తీసేశారు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. ఫ్రిస్కోలోనే ఆ జట్టు ప్రధాన కార్యాలయం, ప్రాక్టీస్ హాల్ ఉన్నాయి. అక్కడ పిల్లలకి 1999 అంటే గర్వం. బఫెలోలో ఆ మాటెత్తితే ఇంకో కథ వింటారు.

కెనడా జట్టు చివరిసారి గెలిచింది 1993లో, మళ్ళీ మాంట్రియల్ కెనేడియన్సే. 2025 దాకా ఆ వరస అలాగే ఉంది. ఆ సిరీస్ తిరిగింది కర్ర వంపు దగ్గర. రెండో మ్యాచ్‌లో లాస్ ఏంజెలెస్ కింగ్స్ 2-1తో ముందుంది, రెండు నిమిషాలు కూడా మిగల్లేదు. మాంట్రియల్ కోచ్ జాక్ డెమెర్స్, కింగ్స్ ఆటగాడు మార్టీ మెక్‌సోర్లీ కర్రని కొలవమని రిఫరీని అడిగాడు. వంపు అనుమతించినదానికన్నా ఎక్కువ ఉంది. మెక్‌సోర్లీ బయటికి వెళ్ళాడు. డిఫెన్స్ ఆటగాడు ఎరిక్ డెజార్డాన్ స్కోరు సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో నిమిషం గడవకుండానే ఇంకోటి కొట్టాడు. ముందు గోల్‌తో కలిపి మూడు. ఫైనల్‌లో డిఫెన్స్ ఆటగాడు హ్యాట్రిక్ కొట్టడం అదొక్కసారే. ఆ సిరీస్‌లో ఆ తర్వాత కింగ్స్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

1928 సంగతి చెప్పకుండా ఉండలేను. అప్పట్లో జట్టుకి ఒక్కడే గోలీ. రేంజర్స్ గోలీ లార్న్ షాబో కంటికి పక్ తగిలింది. చూడ్డానికి వచ్చిన ఇంకో జట్టు గోలీని వాడుకుంటామంటే ప్రత్యర్థి మరూన్స్ ఒప్పుకోలేదు. 44 ఏళ్ళ కోచ్ లెస్టర్ పాట్రిక్ తానే ప్యాడ్లు కట్టుకుని గోల్ ముందు నిలబడ్డాడు. ఒక్క గోల్ మాత్రమే ఇచ్చాడు. రేంజర్స్ ఓవర్‌టైమ్‌లో 2-1తో గెలిచింది, తర్వాత కప్ కూడా.

కప్ మీద 2005కి ఎదురుగా జట్టు పేరు లేదు. ఆటగాళ్ళకి, యజమానులకి జీతాల పరిమితి మీద పడక సీజన్ మొత్తం రద్దయింది. 1919 తర్వాత కప్ ఎవరికీ దక్కని ఏడాది అదొక్కటే. ఈసారి కారణం జబ్బు కాదు, డబ్బు. టొరంటోలో సరదాకి హాకీ ఆడుకునే కొందరు అప్పుడు కోర్టుకెళ్ళారు. కప్ లీగ్‌ది కాదు, దేశంలో బాగా ఆడే జట్టుకివ్వమని స్టాన్లీ ఇచ్చిందని వాళ్ళ వాదన. 2006లో రాజీ కుదిరింది. ఇకముందు ఎన్‌హెచ్‌ఎల్ ఒక ఏడాది ఆడకపోతే, ట్రస్టీలు కావాలనుకుంటే కప్‌ని వేరే జట్టుకి ఇవ్వొచ్చు. 1893 నాటి మాట అలా మళ్ళీ చెల్లుబాటులోకి వచ్చింది.

కప్ మీది పేర్ల సంగతికి వస్తే, గెలిచిన జట్టు ఆటగాడి పేరు ఎక్కాలంటే మామూలు సీజన్‌లో సగం మ్యాచ్‌లైనా, లేదా ఫైనల్‌లో ఒక్క మ్యాచ్ అయినా ఆడి ఉండాలి. అతి ఎక్కువసార్లు ఆటగాడిగా గెలిచింది హెన్రీ రిషార్, 11. కప్ మీద పేరెక్కిన మొదటి మహిళ మార్గరీట్ నోరిస్, 1950ల్లో డెట్రాయిట్ జట్టు ప్రెసిడెంట్. 1984లో ఎడ్మంటన్ యజమాని జట్టుతో సంబంధం లేని తన తండ్రి పేరు చెక్కించాడు. లీగ్ ఒప్పుకోకపోవడంతో ఆ పేరు మీద వరసగా ఎక్స్ గుర్తులు కొట్టారు.

హాల్ ఆఫ్ ఫేమ్‌లో ముందు గదిలో మనం ముట్టుకునేది స్టాన్లీ కొనిపించిన గిన్నె కాదు. వెండి పెళుసెక్కుతోందని అసలు గిన్నెని పాత బ్యాంకు ఖజానాలోకి మార్చారు. ఇనప తలుపు దాటి లోపలికి వెళ్తే కనిపిస్తుంది, రెండు చేతులతో పట్టుకోగలిగేంత చిన్నది. పక్కనే కప్ నుంచి ఊడదీసిన పాత పట్టీలు పెట్టారు. కప్ మీద పెద్ద పట్టీలు ఐదే ఉంటాయి, ఒక్కోదాని మీద 13 ఏళ్ళ విజేతలు పడతారు. కింది పట్టీ నిండగానే పైదాన్ని తీసి ఖజానాలో పెట్టి, కింద కొత్తది చేరుస్తారు. 2018లో అలా తీసిన పట్టీ మీద మోరిస్ రిషార్, గోర్డీ హౌ లాంటి మహానుభావుల పేర్లున్నాయి. ఇప్పుడు అడుగున ఉన్న పట్టీ 2030తో నిండుతుంది. ఆ మరుసటి విజేత పేరు చెక్కాలంటే పై పట్టీ తీయాలి, 1966 నుంచి 1978 దాకా ఉన్నది. బోస్టన్ పేరులోని రెండు "క్యూ"లు దాని మీదే ఉన్నాయి. అప్పటికి మా అమ్మాయి కాలేజీకి వెళ్ళే వయసుకి దగ్గర పడుతుంది. అది తీసేలోపు ఇంకోసారి తీసుకెళ్ళమని ఇప్పట్నుంచే మాట తీసుకుంది.